డబ్బూ టైమూ అడ్డం కాకపోతే ఏం చేసేదాన్ని

మొన్న ఆఫీసులో నెట్ పోయింది. పదిహేను నిమిషాల్లో వస్తుందన్నది రెండు గంటలైనా రాలేదు. పని చేసే దారి లేదు, ఇంటికి పోయే వీల్లేదు, ఫోన్లలో చార్జింగ్ కూడా అడుగంటింది. అప్పుడు మా టీమ్‌లో అందరికంటే చిన్నవాడు ఒక ప్రశ్న వేశాడు. "అక్కా, డబ్బు గురించి బెంగ లేదు, టైమ్ కావలసినంత ఉంది అనుకో. అప్పుడు ఏ పని చేస్తావ్?"

ఇదేం కొత్త ప్రశ్న కాదు. ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరినో అడిగే ఉంటారు. మామూలుగా అందరూ ఒక్క ముక్కలో జవాబు చెప్పేసి టాపిక్ మార్చేస్తారు. ఈసారి రెండు గంటలు మా నెత్తిన పడ్డాయి కాబట్టి ఎవరూ తప్పించుకోలేకపోయారు, నాతో సహా.

ఒకావిడ లైట్‌హౌస్‌లో కాపలా ఉంటానంది. ఒకాయన అడవుల్లో తిరుగుతూ పులుల ఫొటోలు తీస్తానన్నాడు. ప్రశ్న అడిగినవాడు అంతరిక్షంలోకి వెళ్తాడట. నవల రాస్తామన్నవాళ్లు ఇద్దరు, ఎవరి నవల వాళ్లదే. కార్టూన్లకు గొంతు ఇస్తానన్న ఒక ముప్పై ఏళ్ల అకౌంట్స్ అమ్మాయి అక్కడికక్కడే ముసలి కాకి గొంతుతో మా మేనేజర్ మెయిల్ ఒకటి చదివి వినిపించింది, ఆ రోజు మొత్తంలో అదే హైలైట్. ఒకాయన మాత్రం, "నేను ఇదే పని చేస్తాను, మీటింగులు లేకుండా" అన్నాడు. అందరూ నవ్వారు గానీ, ఆలోచిస్తే ఆ గదిలో అందరికంటే నిజాయితీగా మాట్లాడింది ఆయనే అనిపిస్తోంది.

నేను పాత పుస్తకాలు బాగుచేస్తానన్నాను. దాని సంగతి తర్వాత.

వింటూ ఉంటే నాకొకటి తట్టింది. మేమంతా పని గురించి మాట్లాడుతున్నామని అనుకుంటున్నాం గానీ నిజానికి సీనరీ గురించి మాట్లాడుతున్నాం. లైట్‌హౌస్ అన్నావిడ చెప్పింది ఏంటంటే సముద్రం, కిటికీ, చేతిలో పుస్తకం, ఫోన్ మోగకపోవడం. "మరి అక్కడ నువ్వు చేసేదేంటి?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి "లైట్ వేస్తాను" అంది.

లైట్‌హౌస్ కీపర్ల బతుకు అలా ఉండేది కాదు. దీపం కొండెక్కకుండా రాత్రంతా వంతులవారీగా మేలుకుని ఉండాలి. నూనె దీపాల రోజుల్లో వత్తి మాటిమాటికీ కత్తిరించాలి. 1820లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ కనిపెట్టిన ఆ పెద్ద గాజు లెన్సులు వచ్చాక ఆ గాజు మీద మసి లేకుండా తుడుస్తూ ఉండాలి. లెన్సు తిరగడానికి గడియారంలో ఉన్నట్టు ఒక బరువు వేలాడుతూ ఉంటుంది, అది కిందికి దిగినప్పుడల్లా చేత్తో తిప్పి మళ్లీ పైకి ఎక్కించాలి. అర్ధరాత్రి మూడింటికి కూడా. పొగమంచు పడితే హారన్ మోగుతుంది, గంటల తరబడి, పడుకునే గది పక్కనే. ఇంకా లాగ్‌బుక్ రాయడం, మెట్లు కడగడం, రంగులు వేయడం. పైగా కొన్ని చోట్ల అదే ఇద్దరు మనుషులతో నెలల పాటు ఒకే గోపురంలో ఉండాలి. ఆఫీసులో పక్క సీటువాడితో ఎనిమిది గంటలే భరించలేకపోతున్న మనకి అది విశ్రాంతి ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

ఆ పని కూడా ఇప్పుడు దాదాపు లేదు. బ్రిటన్‌లో మనుషులు ఉన్న చివరి లైట్‌హౌస్, నార్త్ ఫోర్‌లాండ్, 1998లో ఆటోమేటిక్ అయిపోయింది. అంటే ఆ లైట్‌హౌస్ ఆవిడకి డబ్బూ టైమూ ఇచ్చినా చేరడానికి ఉద్యోగం దొరకడమే కష్టం. ఈ మాట చెప్తే ఆవిడ బాధపడుతుందనుకున్నాను, కానీ కొంచెం తేలికపడ్డట్టు కనిపించింది. కొన్ని కలలకి అదే సుఖం, ఎవరూ పిలిచి నిజంగా ఉద్యోగం ఇవ్వరు.

అంతరిక్షం సంగతీ అంతే. 2017లో నాసా కొత్త ఆస్ట్రోనాట్లను తీసుకున్నప్పుడు 18,300 మందికి పైగా అప్లై చేస్తే 12 మందిని ఎంచుకున్నారు. ఇందులో డబ్బు పెద్ద అడ్డం కాదు, అప్లికేషన్‌కి ఫీజేం లేదు. సరే, వెళ్లారే అనుకుందాం. అక్కడ స్పేస్ స్టేషన్‌లో రోజుకి రెండు గంటలకు పైగా ఎక్సర్‌సైజు చేయాల్సిందే, లేకపోతే ఎముకలూ కండరాలూ కరిగిపోతాయి. మిగతా రోజంతా నిమిషాల లెక్కన కింది నుంచి వచ్చిన షెడ్యూలు ప్రకారం నడుస్తుంది. ఫిల్టర్లు మార్చడం, వాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము తీయడం, టాయిలెట్ పాడైతే దాన్ని విప్పి బాగుచేయడం. మా వాడికి ఇది చెప్తే, "టాయిలెట్ బాగుచేస్తూ కిటికీలోంచి భూమిని చూస్తాను కదక్కా" అన్నాడు. వీడు వెళ్తాడేమో అని ఆ ఒక్క మాటతో నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే వాడు టాయిలెట్‌ని కూడా కలలో కలిపేసుకున్నాడు.

నాకు అనిపిస్తున్నది ఇదీ. ఫలానా పని చేస్తాను అని మనం అన్నప్పుడు ఆ పనిలోని మంచి ఐదు నిమిషాల్నే చూస్తున్నాం. పులి గడ్డిలోంచి తల ఎత్తిన క్షణం చూస్తున్నాం గానీ, ఆ క్షణం కోసం ఒళ్లంతా పురుగులు కుడుతుంటే కదలకుండా కూర్చున్న పదకొండు రోజుల్ని చూడట్లేదు. పులులన్నాయనకి పది నిమిషాలు ట్రాఫిక్‌లో ఆగితే బీపీ పెరుగుతుంది, ఆయనకి ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇదంతా కడుపు నిండిన కబుర్లలా ఉంటుంది. డబ్బు అడ్డం కాదని నేననట్లేదు. చాలామందికి అదొక్కటే అడ్డం. ఇంట్లో ముగ్గురు ఒకరి జీతం మీద ఆధారపడి ఉంటే ఆ ఒకరిని "నీ ప్యాషన్ ఏంటి" అని అడగడం కన్నా క్రూరమైన ప్రశ్న లేదు. ఆ కార్టూన్ గొంతుల అమ్మాయి సంగతి నాకు తెలుసు, తను వాళ్లింట్లో ఒక్కతే సంపాదిస్తోంది, తనకి నిజంగా అడ్డం డబ్బే. అది తీసేస్తే రేపే స్టూడియోకి పోతుంది, దగ్గు మందు సీసా చూపిస్తే దానికీ ఒక గొంతు కనిపెడుతుంది. నేను మాట్లాడుతున్నది నాలాంటివాళ్ల గురించి. కొంచెం కూడబెట్టుకున్నాం, కొంచెం ఖాళీ దొరుకుతుంది, అయినా "అబ్బే, టైమెక్కడిదండీ" అంటూ ఏళ్లు గడిపేస్తాం.

డబ్బూ టైమూ రెండూ నిజంగానే ఉన్నవాళ్లు ఏం చేశారా అని చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది డార్విన్. ఆయన జీవితంలో జీతానికి పని చేయలేదు, తండ్రి బాగా డబ్బున్న డాక్టరు. పరిణామం గురించిన అసలు ఆలోచన అప్పటికే కాగితం మీద ఉంది. అలాంటి మనిషి 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు బార్నకిల్స్ మీద కూర్చున్నాడు. ఓడల అడుగునా సముద్రపు రాళ్లకీ అంటుకుని ఉండే చిన్న గుల్ల జీవులు అవి. మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కోదాన్నీ కోయడం, చూడడం, రాయడం. మధ్యలో విసుగెత్తి, బార్నకిల్‌ని తనంతగా అసహ్యించుకున్న మనిషి ఇంతకుముందు లేడని ఒక ఫ్రెండ్‌కి ఉత్తరం కూడా రాశాడు. రాసి మళ్లీ వెళ్లి అదే పని చేశాడు. ఇంట్లో పుట్టిన పిల్లలకి తండ్రి అంటే బార్నకిల్స్ కోసేవాడు అనే తెలుసు. వాళ్లలో ఒకడు పక్కింటాయన గురించి, "మరి ఆయన బార్నకిల్స్ ఎక్కడ చేసుకుంటాడు?" అని అడిగాడని చెప్తారు. ఇది నాకు చాలా ఇష్టమైన కథ. ఎవరూ బలవంతం చేయని మనిషి, ఎవరూ జీతం ఇవ్వని పని, అసహ్యం పుట్టినా ఎనిమిదేళ్లు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ష్లీమాన్ అనే జర్మన్ వ్యాపారి. వ్యాపారంలో బోలెడు సంపాదించి, నలభైల్లో దుకాణం కట్టేసి, చిన్నప్పటి నుంచి మనసులో ఉందని తనే చెప్పుకున్న ట్రాయ్‌ని, గ్రీకు పురాణ గాథల్లోని నగరాన్ని, తవ్వడానికి బయల్దేరాడు. 1870లో ఇప్పటి టర్కీలోని హిసార్లిక్ అనే దిబ్బ మీద తవ్వకం మొదలైంది. కల, డబ్బు, టైమ్ అన్నీ ఉన్నాయి. ఓపిక ఒక్కటే లేదు. దిబ్బ మధ్యలోంచి పెద్ద కందకం తవ్వించాడు, పై పొరల్ని చెత్త కింద తీయించి పారేస్తూ అడుక్కి దిగాడు. 1873లో బంగారం దొరికింది, ట్రాయ్ రాజు నిధి ఇదే అని ప్రపంచానికి చాటాడు. తర్వాత తేలింది ఏంటంటే ఆ నిధి ఆయన వెతుకుతున్న ట్రాయ్ కన్నా వెయ్యేళ్లకు పైగా పాతది. ఆయన వెతుకుతున్న కాలానివి అనుకునే పొరల్లో చాలా భాగం అప్పటికే ఆయన పలుగు కింద పోయింది. దుమ్మును బ్రష్‌తో దులుపుతూ అంగుళం అంగుళం దిగడం ఆయన కలలో లేదు, బంగారం మెరిసే క్షణమే ఉంది.

ఇంకొకాయన ఉన్నాడు, ఆస్ట్రియా తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్. యూరప్‌లో బాగా డబ్బున్న కుటుంబాల్లో ఒకదాంట్లో పుట్టాడు. తనకి వచ్చిన ఆస్తినంతా 1919లో తోబుట్టువులకి రాసిచ్చేశాడు. మనం డబ్బు లేదు కాబట్టి కల తీరట్లేదు అంటాం, ఆయనకి డబ్బు ఉండడమే అడ్డంగా తోచింది. తర్వాత ఆస్ట్రియాలో పల్లెటూరి బళ్లలో 1920 నుంచి 1926 దాకా పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఇక్కడిదాకా వింటే ఎంత బావుంది అనిపిస్తుంది, కానీ ఆ ఉద్యోగం చెడిపోయింది. పిల్లల్ని కొట్టేవాడు, చివరికి ఒక పిల్లాడు దెబ్బకి స్పృహ తప్పి పడిపోయాక మానేసి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఒక మఠంలో తోటపని చేశాడు. అదే 1926లో, బడిపిల్లల కోసం ఆయన తయారుచేసిన చిన్న స్పెల్లింగ్ డిక్షనరీ అచ్చయింది. గొప్ప బుర్ర, గొప్ప త్యాగం, మంచి ఉద్దేశం ఇవన్నీ ఉన్నా ఆ పనికి ఆ మనిషి సరిపోలేదు. ఇలాంటిది కలలో మనం ఎప్పుడూ ఊహించం, కలలో మనమెప్పుడూ పనిమంతులమే.

డిక్షనరీ అంటే బ్రౌన్ గుర్తొచ్చాడు, తెలుగులో రాస్తూ ఆయన్ని దాటిపోతే బావుండదు. ఆయనకి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం ఉంది, కచేరీ పని ఉంది. మిగిలిన టైమ్‌లో తాళపత్రాలు వెతికించి, పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, ఒకే పుస్తకానికి నాలుగైదు ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి, ఏది సరైన పాఠమో తేల్చి, శుభ్రంగా రాయించాడు. సొంత జీతం ఇందులోకే పోయింది, అప్పులూ అయ్యాయి. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. డబ్బూ టైమూ అడ్డం కానప్పుడు చేద్దాంలే అని ఆయన అనుకుని ఉంటే? అనుకోకపోవడానికి కారణం ఆయనేదో మహాత్ముడని కాదు, నా ఉద్దేశంలో ఆయనకి ఆ పోల్చి చూసే పని వ్యసనం. పాఠభేదాలు చూడకుండా ఉండలేని మనిషి.

బోరొదిన్ కథ ఇంకో రకం. రష్యా సంగీతకారుడిగా ప్రపంచానికి తెలుసు గానీ ఆయన ఉద్యోగం కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఒంట్లో బాగా లేక క్లాసుకి వెళ్లలేనప్పుడే ట్యూన్లు కట్టేవాడట. అందుకని సంగీతం స్నేహితులు ఆయనకి ఆరోగ్యం బాగుండాలని కాదు, జబ్బు చేయాలని కోరుకునేవాళ్లు. ఒక ఒపెరా మీద దాదాపు 18 ఏళ్లు కూర్చుని, పూర్తి చేయకుండానే 1887లో చనిపోయాడు, మిగతాది ఫ్రెండ్స్ పూర్తి చేశారు. అయ్యో పాపం, ఉద్యోగం అడ్డమొచ్చింది అని నేను చాలాకాలం జాలిపడ్డాను. కానీ ఆయన మాత్రం కెమిస్ట్రీనే అసలు పనిగా, సంగీతాన్ని సరదాగా చూసుకున్నాడు. అంటే ఆయన కలల ఉద్యోగంలో ఆయన అప్పటికే ఉన్నాడు, దాన్ని మనం గుర్తుపట్టలేదంతే.

మళ్లీ మా రెండు గంటల దగ్గరికి వస్తాను. ఒకాయన "నేనేమీ చేయను" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆర్థికవేత్త కీన్స్ 1930లోనే ఈ సంగతి రాశాడు, వందేళ్లలో మనుషులకి వారానికి పదిహేను గంటల పని చాలు అనీ, అప్పుడు అసలు సమస్య ఖాళీని ఏం చేసుకోవాలో తెలియకపోవడమే అవుతుందనీ. 2030 ఇంకెంతో దూరంలో లేదు, పదిహేను గంటలు మా ఆఫీసులో బుధవారం ఉదయానికే అయిపోతాయి. కానీ రెండో ముక్క, ఖాళీని ఏం చేసుకోవాలో తెలియకపోవడం, అది మాత్రం నా విషయంలో అక్షరాలా జరిగింది.

ఎలాగంటే, రెండేళ్ల క్రితం నేను ఆరు నెలలు ఉద్యోగం మానేశాను. చాలాకాలం దాచుకుని, లెక్కలు వేసుకుని, ఇంట్లో ఒప్పించి. పాత పుస్తకాలు బాగుచేయడం నేర్చుకోవాలి, అదే ప్లాను. ఈ పిచ్చి నాకు ఎక్కడ పట్టిందంటే, 1966 నవంబర్‌లో ఫ్లోరెన్స్‌లో వరద వచ్చి అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదలో మునిగిపోతే, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రవాళ్లు వరుసల్లో నిలబడి చేతుల మీదుగా ఆ పుస్తకాల్ని పైకి అందించిన ఫొటోలు ఒకసారి చూశాను. వాళ్లని బురద దేవదూతలు అన్నారు. పుస్తకాల్ని శాస్త్రీయంగా కాపాడే పద్ధతులు చాలావరకు ఆ బురదలోంచే పుట్టాయి. అప్పటి నుంచి నా కలలో నేను తెల్ల కోటు వేసుకుని, కిటికీ దగ్గర, తోలు అట్ట మీద బంగారు అక్షరాలు వేస్తూ ఉంటాను. గమనించారా, నాదీ సీనరీయే.

మొదటి మూడు వారాలు నిద్రపోయాను. అది సరే, అలసట. తర్వాత మూడు వారాలు బైండింగ్ వీడియోలు చూశాను, రోజుకి ఆరేడు గంటలు. సూది పట్టుకోలేదు. ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు కదా అనిపించేది, అలా అనిపించడం వల్లే మొదలుపెట్టలేదు. ఆఫీసు ఉన్న రోజుల్లో శనివారం మధ్యాహ్నం రెండు గంటలు దొరికితే ఎంత ఆత్రంగా వాడుకునేదాన్నో, ఇప్పుడు వారం మొత్తం చేతిలో ఉంటే అది చెయ్యి మీద నీళ్లలా జారిపోయింది. రాత్రి పడుకునేటప్పుడు గుండె దడ. ఆఫీసులో ఉన్న టెన్షన్ కన్నా ఇది ఎక్కువ, ఎందుకంటే అక్కడ తిట్టుకోవడానికి మేనేజర్ ఉన్నాడు, ఇక్కడ ఎవరున్నారు?

చివరికి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను, లైబ్రరీల పుస్తకాలు బాగుచేసి రిటైరైన ఆయన. "మంగళవారం, శుక్రవారం పదింటికి రా అమ్మాయ్, పదీ ఐదుకి వస్తే తలుపు తీయను" అన్నాడు. నవ్వొచ్చింది. బాస్ లేని జీవితం కోసం ఉద్యోగం మానేసి, రెండు నెలలు తిరక్కుండానే వెతుక్కుంటూ పోయి ఇంకో బాస్‌ని తెచ్చుకున్నాను. అలా అయితేనే పని మొదలైంది.

నా మొదటి పుస్తకం ఆరిన రెండు రోజులకి దోసిలి పట్టినట్టు వంగిపోయింది. తీసుకెళ్లి చూపిస్తే ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి, "కాగితాన్ని అడిగావా?" అన్నాడు. మిషన్ మీద తయారైన కాగితంలో నార అంతా ఒకే దిక్కున పడుకుని ఉంటుంది. నార దిక్కుకి వంచితే మెత్తగా వంగుతుంది, అడ్డంగా వంచితే ఎదురుతిరుగుతుంది. జిగురు తడి తగిలితే నారకి అడ్డంగా ఉబ్బుతుంది. అందుకని కాగితం, అట్ట, లోపలి పుటలు అన్నిటి నారా పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి, లేకపోతే ఒకటి ఒకవైపు ఇంకోటి ఇంకోవైపు లాగి వంకర తిరుగుతాయి. ప్రతి కాగితాన్నీ వాడే ముందు చేత్తో మెల్లగా వంచి చూడాలి. అదీ అడగడం అంటే. నలభై ఏళ్ల మీదకొచ్చి, ఉద్యోగంలో పదిమందికి పని నేర్పే మనిషిని, కాగితం వంచడం దగ్గర తప్పు చేసి నిలబడ్డాను. డబ్బూ టైమూ కాకుండా మూడో అడ్డం ఉందని నాకు ఆ రోజు తెలిసింది, చేతకానివాళ్లలా కనిపించడానికి సిగ్గు. ఇది మాత్రం ఎంత కూడబెట్టినా పోదు.

బంగారు అక్షరాలు ఎలా ఉంటాయో కూడా చూశాను. నాకు నచ్చలేదు. తోలుని కత్తితో పల్చగా చెక్కడం అంతకన్నా నచ్చలేదు, ఆ వాసన, ఆ నెమ్మది, ఒక్క పొరపాటుకి కన్నం. నా కల మొత్తం దేని మీద నిలబడి ఉందో అదే నాకు పడలేదు. కానీ ఎవరూ ఫొటో తీయని పని ఒకటి ఉంది, చిరిగిన పుటలు అతకడం. గోధుమ గంజిని సన్న మంట మీద అరగంట ఆపకుండా కలపాలి, ఉండ కట్టకూడదు, తర్వాత జల్లెడ పట్టాలి. జపాన్‌లో కోజో మొక్క నారతో చేసే సన్నటి కాగితం ఉంటుంది, దాన్ని కత్తెరతో కోయకూడదు, నీళ్ల బ్రష్‌తో గీత గీసి ఆ తడి మీద మెల్లగా లాగి చింపాలి, అప్పుడు అంచున నార ఈకల్లా బయటికి వస్తుంది, ఆ ఈకలు పాత కాగితంలో కలిసిపోతాయి. చిరుగు మీద పెట్టి, పైన బరువు పెట్టి, ఆరేదాకా ఆగాలి. ఒక పుట. తర్వాత ఇంకో పుట. ఇందులో ఒక నియమం ఉంది, ఏది చేసినా తర్వాతివాళ్లు విప్పుకోగలిగేలా చేయాలి. గంజి అయితే తడిపితే వదులుతుంది. నాకన్నా బాగా తెలిసినవాళ్లు రేపు వస్తారు, వాళ్లు నా పనిని ఊడదీయగలగాలి. ఆఫీసులో నేను చేసిన ఏ పనిలోనూ ఎవరూ నన్ను ఇలా అడగలేదు.

ఇంకో విచిత్రం, రెండు వందల ఏళ్ల నాటి పుస్తకం కన్నా వందేళ్లదే ఎక్కువ చచ్చిపోయి ఉంటుంది. పాత కాగితం గుడ్డపీలికలతో చేసింది, ఇప్పటికీ మెత్తగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి చెక్కగుజ్జుతో, పటికతో చేసిన కాగితంలో ఆమ్లం ఉండిపోయి అదే దాన్ని తినేస్తుంది, పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. అలాంటివి నా చేతిలో ఎన్ని విరిగాయో చెప్పను.

ఆరు నెలల్లో పదకొండు పుస్తకాలు చేశాను, అందులో పెద్దాయన "పర్లేదు" అన్నవి రెండు. డబ్బు అయిపోయింది, ఉద్యోగానికి తిరిగొచ్చాను. ఓడిపోయి వచ్చావా అని కొందరు సానుభూతి చూపించారు. నాకలా అనిపించలేదు, అలాగని గెలిచినట్టూ లేదు. జీవితాంతం అదే పని పూర్తిగా చేస్తానా అంటే, వారానికి ఐదు రోజులు గంజి కలపడం నావల్ల కాదని నాకు ఇప్పుడు తెలుసు. రెండు రోజులైతే హాయిగా చేస్తాను. కల సైజు అంతేనన్నమాట, రెండు రోజులు. ఇన్నాళ్లూ దాన్ని ఏడు రోజులదనుకుని భయపడ్డాను.

నెట్ వచ్చాక అందరం సీట్లలోకి పోయాం. సాయంత్రం వెళ్లేటప్పుడు లైట్‌హౌస్ ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఆ బరువు తిప్పడం అన్నావే, ఎన్ని గంటలకోసారి తిప్పాలి?" అని అడిగింది. ఒక్కో లైట్‌హౌస్‌లో ఒక్కోలా ఉంటుందని చెప్పాను. "మూడింటికి లేవడం నాకేం కష్టం కాదు, ఎలాగూ నిద్ర పట్టదు" అంది. తనకి ఏదైనా రాత్రిపూట పని దొరికితే బావుండు అనిపించింది, ఆకాశం చూసేది లాంటిది. వెలుగు మారే నక్షత్రాలను గమనించి లెక్కలు పంపే ఔత్సాహికుల సంఘం ఒకటి 1911 నుంచీ నడుస్తోంది, ఉద్యోగం మానక్కర్లేదు, మామూలు బైనాక్యులర్స్‌తో కూడా మొదలుపెట్టొచ్చు. లింకు పంపాను. ఇంకా చూసినట్టు లేదు.

నా టేబుల్ మీద ఇప్పుడు ఒక పుస్తకం బరువు కింద ఉంది, నిన్న రాత్రి పెట్టాను. రేపు పొద్దున తీయాలి. ఈసారి కాగితాన్ని అడిగాను గానీ వెనక అట్టని అడిగినట్టు గుర్తు లేదు.